ఎవరూ కాదనని మనిషి

నందిగామలో పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేటలో ఉద్యోగాలు వెలగబెట్టే మా అందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకోవడానికి పెట్టుకున్నాం. వారం తిరక్కుండా అది పార్లమెంటయింది. అందులో చర్చల వేడికి నా ఫోన్ మీద అట్లు పోసుకోవచ్చు. మా ఆవిడ ఒకసారి పిండి కూడా కలిపిందని నా అనుమానం.

ఆ గ్రూపుకి ఒకటే చట్టం. సాయంత్రం ఎవరెవరు వాదించుకుంటే మర్నాడు బస్సులో వాళ్లిద్దరూ ఒకే సీట్లో కూర్చోవాలి. పక్కనున్న మనిషి మొహం చూసి అనలేని మాట ఫోన్లో కొట్టకూడదని లెక్క. ఆ చట్టం పుణ్యమా అని నేనూ, ఇంగ్లీషు మాస్టారూ కలిసి రెండు బస్సుల సీట్లు అరగదీశాం.

ఆయన జగ్గయ్యపేట బళ్లో ఇంగ్లీషు చెప్పేవారు, వాదించేది మాత్రం తెలుగు మీడియం తరఫున. నేను ఇంగ్లీషులో నా పేరు రాయడానికే ఆయాసపడే గుమాస్తాను, ఇంగ్లీషు మీడియం కోసం ప్రాణాలిచ్చేవాణ్ణి.

"గుమాస్తా గారూ, ముందు మీరన్నదాంట్లో నేనొప్పుకునేది చెప్తా. తర్వాత తిడతా," అనేవారు సర్దుకుని కూర్చుంటూ.

"తిట్లే ముందు కానివ్వండి మాస్టారూ. ఒప్పుకునేది చిల్లకల్లు దాటాక విందాం."

"ఇంగ్లీషు రాకపోతే పేదోడి పిల్లాడికి మంచి ఉద్యోగం రాదన్నారు. నిజమే. కానీ ఆ పిల్లాడు నా క్లాసులో నోరే విప్పట్లేదండి. నోరు విప్పనోడికి ఏ భాష వస్తే ఏం లాభం?"

జగ్గయ్యపేటలో దిగి ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. సాయంత్రానికి నాకు జవాబు తోచేది. మళ్లీ గ్రూపు, మళ్లీ ఒకే సీటు.

తర్వాత ఆయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. పెనుగంచిప్రోలులో కూతురింటికి చేరారు. "ఇక్కడందరూ నాతో సైగలు చేస్తున్నారండి. చెవులు కూడా తీసేశారనుకుంటున్నట్టున్నారు," అని గ్రూపులో రాశారు. ఆయన మాట్లాడటానికి ఇక ఆ గ్రూపొక్కటే మిగిలింది.

మావాళ్లందరికీ జాలి పొంగింది. ఆయన ఏం రాసినా దండాల బొమ్మలు కుప్పపోసేవారు. "మీరన్నదే కరెక్టు మాస్టారూ." "రెస్టు తీసుకోండి మాస్టారూ." ఒకరోజు ఆయన, కృష్ణానదే వెళ్లి తన ఉపనది మున్నేట్లో కలుస్తుందని రాశారు. "చక్కగా చెప్పారు మాస్టారూ" అన్నారు జనం.

ఆయన నాకు విడిగా మెసేజ్ పెట్టారు. "చూశారా? నన్ను ఫొటో కట్టించి దండేసేశారండి. మీరైనా కాదనండి."

ఆ సాయంత్రం ఆయన తెలుగు మీడియం గురించి రాయగానే, మాస్టారు చెప్పింది శుద్ధ తప్పని కాశీ మజిలీ కథంత జవాబు రాసి గ్రూపులో పెట్టాను. నిమిషంలో గ్రూపు అడ్మిన్ ఫోన్ చేశాడు. ఎరువుల కొట్టాయన.

"ఏందన్నా, బాగోలేని మనిషితో పోట్లాటేంది?"

"ఆయనే అడిగాడయ్యా కాదనమని."

"ఆయనడుగుతాడు. మనకుండొద్దా బుద్ధి?"

నా జవాబు తీసేశాడు. చెడ్డవాడు కాదు. మాస్టారిని బెజవాడ ఆసుపత్రికి తన కార్లో తిప్పింది అతనే. కాసేపటికి మాస్టారు గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు ఒక బూడిదరంగు లైను కనపడింది.

ఆ తర్వాత నేను విడిగా ఆయనతో తగువు మొదలెట్టాను. రోజుకో అడ్డగోలు వాదన పంపేవాణ్ణి. ఆయన పీకి పందిరేసేవారు. మొదట్లో పేజీలకు పేజీలు. రానురాను నాలుగు లైన్లు. తర్వాత రెండు ముక్కలు. చెయ్యి నొప్పేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

మొన్నొకరోజు ఆఫీసులో కూర్చుని, ఇంగ్లీషు రాని పిల్లల్ని బళ్లోంచి పంపెయ్యాలని రాశాను. పంపాక నాకే సిగ్గేసింది. ఆయన చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. టైపు చేస్తున్నట్టు చూపించింది. ఆగిపోయింది. మళ్లీ చూపించింది. చివరికి వచ్చింది.

"నిజమేనండి." దాని వెనక రావాల్సిన "కానీ" ఎంతసేపు చూసినా రాలేదు.

ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి పెనుగంచిప్రోలు ఆటో ఎక్కాను. ఇంకో ఇద్దరొస్తేగాని కదలదన్నాడు డ్రైవరు. ఆ ఇద్దరి డబ్బులూ నేనే ఇస్తాను, పద, అన్నాను.