రైలు లేని గట్టు

ఆఫీసు గ్రూపులో ఎవరో ఊటీలో ఏమేం చేయాలో రాసి పెట్టారు. మొదటిదే టాయ్ ట్రైన్ ఎక్కడం. ఆ నీలం రైలు ఫొటో చూడగానే నాకు కొబ్బరి చిప్పల వాసన వచ్చింది.

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి, మా బాపు ఎక్కడో దూరాన ఉన్న భీవండి మిల్లుల్లో బట్ట నేయడానికి పోయిన ఏడాది అది. బడిలో సారు హిల్ స్టేషన్ల గురించి చెప్పారు. ఇంటికొచ్చి, హిల్ స్టేషన్‌కు మనమెప్పుడు పోదామని అమ్మను అడిగాను. అమ్మకు తెలిసిన స్టేషన్ ఒక్కటే, మేమిద్దరం బాపును రైలెక్కించి వచ్చిన కాజీపేట. బీడీ చుడుతున్న చేయి ఆగింది.

"మళ్ల స్టేషన్ ఎందుకే?" అని కసిరింది.

ఆ మంగళవారమే నన్ను కొండగట్టు మీది గుడికి తీసుకుపోయింది. మెట్ల పొడుగునా కొట్టిన కొబ్బరి చిప్పల వాసన. ఆ రోజుల్లో వాడిన సత్తు టిఫిన్ డబ్బాలు గుర్తున్నాయా? పులిహోర తింటుంటే కోతి మా డబ్బా మూత ఎత్తుకుపోయింది. అమ్మ కొంగు నడుముకు దోపి, దాని వెంటపడి, మూత గుంజుకొచ్చింది. రొప్పుతూనే అంది:

"సూడు బిడ్డా, గట్టున్నది, సల్లటి గాలున్నది. రైలే లేదు. గీడికెళ్లి మనోళ్లను ఎవ్వలు ఎత్తుకపోరు."

ఊటీకి నేనూ వస్తానని గ్రూపులో రాశాను. గుట్టలెక్కుతాను, చలికి వణుకుతాను, కోతులుంటే కొట్లాడతాను. ఆ రైలు మాత్రం ఎక్కను. మిగతావాళ్లు ఎక్కితే కింద నిలబడి చెయ్యి కూడా ఊపను. ఆ పని కాజీపేటలో ఎప్పుడో చేసేశాను.