రెండు గొంతుల కార్బురేటర్

మొన్న ఆదివారం ద్వారకలో మా బావగారికి డెబ్బయ్యేళ్ళు నిండిన సందర్భంగా చిన్న విందు చేశారు. బావగారంటే మా అక్క భర్త. భోజనాలయ్యాక వాళ్ళమ్మాయి గోడ మీద పాత ఫోటోలు వేసి చూపిస్తూ ఒక్కొక్కదానికీ రెండేసి ముక్కలు చెబుతోంది. ఒక ఫోటోలో తెల్లటి పాత కారు, బానెట్ ఎత్తి ఉంది, పక్కన స్పానర్ పట్టుకుని బావగారు. "పాపా నే ఇస్ కా ఇంజిన్ ఖుద్ బనాయా థా, నానీ కే లియే" అంది పిల్ల. అమ్మమ్మ కోసం నాన్నే స్వయంగా ఇంజిన్ తయారుచేశాడట. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన మావారు కూడా కొట్టారు. కొట్టి ఊరుకోకుండా "నేనూ ఉన్నానమ్మా అందులో" అని చెయ్యెత్తారు. ముందు వరసలో మా అక్క కూడా నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. నేను చేతిలోని గులాబ్‌జామ్ గిన్నె కుర్చీ కింద పెట్టేసి బయటికి వచ్చేశాను.

అక్క వెనకాలే వచ్చింది. "ఏమే, అలా లేచొచ్చేశావు?"

"ఆ కారు ఎవరివల్ల కదిలిందో చెప్పకూడదూ నువ్వు?"

"పోనీలేవే. ఆయన పుట్టినరోజు."

"అబద్ధం కదక్కా అది."

"అబద్ధం కాదే. వాళ్ళకి అలాగే గుర్తుంది" అంది అక్క, పమిట సర్దుకుంటూ.

ఆ మాటతో నా కోపం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. అబద్ధమైతే నిలదీయొచ్చు. నిజంగానే అలా గుర్తుంటే ఎవరిని నిలదీయను? అందుకని నాకు గుర్తున్నది నేను చెబుతున్నాను.

అప్పట్లో అక్కావాళ్ళు ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్సులో ఉండేవారు. మేము వైశాలిలో. మెట్రో ఇంకా మా దాకా రాలేదు. అక్క ఇంటికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారి, చివర్లో ఆటోవాడితో పోట్లాడి వెళ్ళాలి. నాన్న పోయాక అమ్మ తణుకు నుంచి వచ్చి అక్క దగ్గరే ఉండేది. కింది అంతస్తు, ముందు చిన్న తోట, కిటికీలో గడ్డి కూలర్. ఆ తడిగడ్డి వాసనంటే అమ్మకు భలే ఇష్టం. ఊళ్ళో వాన పడ్డట్టుందే అనేది. వచ్చిన ఏడాదికే ఆవిడ మూత్రపిండాలు పాడయ్యాయని తెలిసింది. వారానికి రెండుసార్లు యమున అవతల ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళి డయాలిసిస్ చేయించాలి. దగ్గర్లో ఎక్కడా ఖాళీ దొరకలేదు. వెళ్ళేటప్పుడు బాగానే కబుర్లు చెబుతూ వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పిండేసిన గుడ్డలా ఉండేది. ఆటోలో అక్క ఒక పక్కన, నేనొక పక్కన పట్టుకుని కూర్చునేవాళ్ళం.

ఇలా లాభం లేదని ఇద్దరు అల్లుళ్ళూ కలిసి ఒక కారు కొన్నారు. అంతవరకూ వాళ్ళది మంచి మనసే, కాదనను. ఏదో ఆఫీసువాళ్ళు వేలం వేసిన పాత పెట్రోలు కారు. చవగ్గా వచ్చింది, ఎందుకు చవగ్గా వచ్చిందో మర్నాడు తెలిసింది. ఇంజిన్ లోపలంతా అరిగిపోయింది. పైగా దానికి కార్బురేటరే లేదు, వేలానికి ముందే ఎవరో ఊడబీక్కుని పోయారు. మునిర్కా సందులో ఉన్న మెకానిక్ ఇంజిన్ విప్పి పిస్టన్లూ రింగులూ మార్చి కింది పని శుభ్రంగానే చేశాడు. ఇక మిగిలింది పై సామాను. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ ఒకటి, ఆ కలిసినదాన్ని ఇంజిన్‌లోకి పంచే గొట్టాల ముక్క ఒకటి. దాన్ని మానిఫోల్డ్ అంటారు. పాత మానిఫోల్డ్‌కి బోల్టు బిగించే చెవి ఒకటి విరిగిపోయి ఉంది. "మీరు ఏది తెస్తే అది బిగించేస్తా సాబ్" అన్నాడు మెకానిక్. అతనికేం పోయింది?

అక్కడ మొదలైంది మగవాళ్ళ వేసవి.

బావగారు కేంద్ర సచివాలయంలో ఫైళ్ళు చూసే ఉద్యోగి. జీవితంలో ఆయన చేతికి గ్రీజు అంటడం అదే మొదలు. అంటగానే మనిషి మారిపోయారు. మాయాపురి తుక్కు బజారుకు వెళ్ళి ఏదో పెద్ద ఇంజిన్ నుంచి ఊడదీసిన కార్బురేటర్ తెచ్చారు. మామూలువాటికి గాలి పీల్చే గొంతు ఒకటి ఉంటే దీనికి రెండు. "పికప్ చూడు ఎలా ఉంటుందో" అన్నారు. డయాలిసిస్ చేయించుకొచ్చే మనిషికి పికప్ ఎందుకండీ అని నేను అడిగితే, నీకు తెలీదులే అన్నట్టు నవ్వారు. మావారు ఆఫీసు కంప్యూటర్లో ఏవేవో చదివి, గాలి ధారాళంగా వెళ్ళాలంటే గొట్టాలు కూడా పెద్దవే ఉండాలని తేల్చి, ఇంకో బండి మానిఫోల్డ్ పట్టుకొచ్చారు. ఆ రెండిటి బోల్టు రంధ్రాలూ కలవలేదు. కలవకపోతే మానేయాలి కదా? మానలేదు. మధ్యలో మందపాటి అల్యూమినియం పలక కోయించి ఇరికించారు. దాంతో కార్బురేటర్ ఎంత ఎత్తయిందంటే బానెట్ మూతపడటం మానేసింది. దాన్ని తాడుతో కట్టారు. ప్రతి శనివారం ఒకటి ఊడదీయడం, ఇంకొకటి బిగించడం. మధ్యలో పకోడీలు, టీలు. క్వార్టర్సులోని మగవాళ్ళంతా చుట్టూ మూగేవారు. పకోడీలు వేయించేది అక్క, అందించేది నేను. టాక్సీ పిలుద్దామంటే "ఈ వారం బండి రెడీ అయిపోతుంది కదా" అనేవారు. ఆ వారం ఎప్పటికీ రాలేదు.

ఆ కారు స్టార్టయ్యేది, అది కూడా చెప్పాలి. నిలబడిన చోట సింహంలా గర్జించేది. గేరు వేసి కాలు ఆనించగానే దగ్గి చచ్చిపోయేది. తర్వాత నాకు అర్థమైంది: ఆ చిన్న ఇంజిన్‌కి అంత పెద్ద గొంతు ఇస్తే, నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి బద్ధకంగా వస్తుంది, పెట్రోలును తనతో లాక్కురాలేదు. పైగా ఆ పలక పక్కనుంచి బుస్సుమని గాలి లోపలికి దూరుతోంది. ఈ తోడల్లుళ్ళిద్దరికీ మాత్రం ఆ గర్జనే చాలు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం మేము అమ్మను తీసుకుని తిరిగొస్తున్నాం. ముఖం మీద పెనం పెట్టినట్టు వడగాలి. యమున వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అమ్మ ఒళ్ళంతా చెమటలు పట్టి, కళ్ళు తేలేసి, అక్క ఒళ్ళో వాంతి చేసుకుంది. ఆటోవాడు దిగిపొమ్మన్నాడు. అక్క దిగలేదు. "చలావ్ భయ్యా, నేను కడుగుతా తర్వాత" అని సగం హిందీలో సగం తెలుగులో అంటూ ఏడ్చేసింది. ఎలాగో ఇంటికి చేరాం. గుమ్మం ముందు కారు, బానెట్ లేపి ఉంది, ఇద్దరూ లోపలికి వంగి ఉన్నారు. అమ్మను చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తున్నాం. బావగారు తలెత్తి ఉత్సాహంగా "అత్తయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి, ఈ సౌండ్ వినండి" అని ఇంజిన్‌ను రంయ్యిమనిపించారు.

అమ్మ ఆగింది. నిలబడటానికి శక్తి లేని మనిషి ఆగి, విని, "బాగుంది బాబూ" అంది.

అమ్మ మీద కూడా ఆ క్షణాన నాకు పట్టరాని కోపం వచ్చింది. అమ్మను పడుకోబెట్టాక అక్క చీర మార్చుకుని వచ్చి, పాత న్యూస్‌పేపరు ఒకటి, కత్తెర, కొలతల టేపు తీసుకుంది. అక్క చుట్టుపక్కల వాళ్ళందరికీ రవికలు కుట్టేది. మగవాళ్ళిద్దరూ స్నానాలు చేసి బజారుకు వెళ్ళగానే మునిర్కా మెకానిక్‌ని పిలిపించి, ఆ పలకా గొట్టాలూ అన్నీ విప్పించింది. ఇంజిన్ ముఖం మీద పేపరు పరిచి, నూనె అంటిన వేలితో అంచులన్నీ రుద్దింది. రంధ్రాలు ఎక్కడెక్కడున్నాయో నల్లగా అచ్చు పడ్డాయి. బానెట్ మూస్తే లోపల ఎంత ఎత్తు మిగులుతుందో టేపుతో కొలిచింది. "చంక దగ్గర గుడ్డ కలవకపోతే నేను ముక్క అతుకుతానా? మళ్ళీ కత్తిరిస్తాను" అంది నాతో. 

మర్నాడు ఇద్దరం కశ్మీరీ గేట్ దగ్గర కార్ల సామాన్ల బజారుకు వెళ్ళాం. ఆ సందుల్లో నూనె వాసన, గేర్‌బాక్సులు మోసుకుపోయే తోపుడు బండ్లు, మా ఇద్దరినీ దారితప్పి వచ్చిన పెళ్ళివాళ్ళలా చూసే జనం. మొదటి దుకాణంలో అన్ని బండ్లకూ సరిపోయేది ఉందని ఒకటి చూపించాడు. అక్క పేపరు దాని మీద పెట్టింది. ఒక్క రంధ్రం కూడా కలవలేదు. "థోడా ఫైల్ మారో, లగ్ జాయేగా" అన్నాడు. అరగదీస్తే పట్టేస్తుందట. నేను అతన్ని అనకూడని మాటే ఏదో అన్నాను, తెలుగులో కాబట్టి బతికిపోయాడు. రెండో దుకాణంవాడు మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మర్యాదగా "భాభీజీ, ఇంట్లో భాయీసాబ్‌ని పంపండి, మీకెందుకీ శ్రమ" అన్నాడు. అక్క తన వచ్చీరాని హిందీలో నింపాదిగా చెప్పింది: "భాయీసాబ్ ఆయేంగే తో ఆప్ కీ దుకాన్ చలేగీ. హమారీ గాడీ నహీ చలేగీ." ఆయనొస్తే మీ కొట్టు నడుస్తుంది గానీ మా బండి నడవదని. అతను నవ్వలేదు. లోపలికెళ్ళి, మా కారు సైజు ఇంజిన్‌దే, కార్బురేటరూ మానిఫోల్డూ ఒకదానికొకటి బిగించి ఉన్న పాత జత తెచ్చి పెట్టాడు. పేపరు మీద అచ్చం కూర్చుంది. అక్క లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పింది, రెండూ కలిసిన చోట వేలికి గట్టు తగల్లేదు. కార్బురేటర్‌లో గాలి తలుపు తిరిగే ఇరుసు పట్టుకుని కదిపి చూసింది, వదులు లేదు. ఎత్తు కొలిచింది. ఒకే గొంతు, మరీ సాదాసీదాది. బావగారి రెండు గొంతులదానికంటే చాలా చవక.

మెకానిక్ ఒక్క పూటలో బిగించేశాడు. బానెట్ మూతపడింది. ఇంజిన్ కుట్టుమిషన్‌లా నెమ్మదిగా తిరిగింది, గేరు వేయగానే కదిలింది. బావగారు క్వార్టర్సు చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చి, దిగి, "పికప్ లేదు" అన్నారు. అంతే. చుట్టూ మూగిన పది మందికీ అది ఎవరు తెచ్చారో చెప్పలేదు. వారం తిరక్కుండానే పక్కింటాయనతో "ట్రై చేసి చేసి చివరికి పెయిర్ కుదిరింది" అంటుంటే వంటింట్లోంచి విన్నాను. నా చేతిలో గరిటె ఉంది. అక్క నా మణికట్టు పట్టుకుంది.

ఆ తర్వాత అమ్మ ఆ కారులోనే వెళ్ళొచ్చేది, వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, తల కింద దిండు పెట్టుకుని. అక్టోబరులో రోడ్ల పక్కన ఏడాకుల చెట్లు పూసి సాయంత్రాలు ఊరంతా ఘాటుగా వాసన వేసేది. అమ్మ అద్దం దించమనేది. "ఏం పూలే ఇవి, తల తిరిగిపోతోంది" అంటూనే ముఖం కిటికీలో పెట్టుకుని కూర్చునేది. ఒకసారి ఇంటిదాకా వచ్చాక దిగనంది. "ఇంకొక్క చుట్టు తిప్పించవే" అంది. తిప్పించాం. చలి ఇంకా పోకముందే ఒక తెల్లవారుజామున ఆవిడ వెళ్ళిపోయింది. కారు కొన్నేళ్ళు బావగారి ఆదివారం షికార్లకు పనికొచ్చింది, ఆపైన వయసు మీరిందని తుక్కుకు పోయింది.

కోపం వయసుతో తగ్గుతుందంటారు. నాది తగ్గలేదు, కాకపోతే ఎవరి మీదో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. వాళ్ళ మీద ఎంతో, "బాగుంది బాబూ" అన్న అమ్మ మీదా, ఆ పకోడీలు వేయించిన మా మీదా అంతే. అమ్మకు మిగిలింది ఒక్క వేసవేనని అప్పుడు ఎవరికీ తెలియదు. అది బావగారిది కాదు, మావారిది కాదు, మాది కూడా కాదు, అచ్చంగా అమ్మది. ఇంకొకరి కాలాన్ని తీరిగ్గా వాడుకున్నవాళ్ళకు అది ఎప్పటికీ మంచి రోజుల్లాగే గుర్తుంటుంది.