'నిజమే' అన్న సిస్టర్ నాన్జాలా

మా కాన్పుల వార్డులో కింద పెట్టిన కత్తెర మళ్ళీ కంటికి కనబడదు. అందుకే నర్సులం ఏది చేతికొస్తే అది జేబులో వేసుకుంటాం. కత్తెర, బొడ్డు క్లిప్పులు, గ్లౌజులు, సగం తిన్న మందాజీ బూరె. సిస్టర్ నాన్జాలా జేబైతే మరీ ఘోరం, చెయ్యి పెడితే చిన్న కొట్టు బయటపడేది. పందొమ్మిదేళ్ళలో మా ఊరి పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టారు. ఒట్టి ముక్కోపి. నొప్పులు పడే ఆడదాన్ని "అరవకే, ఆ బలమేదో కిందికి పెట్టు" అని కసిరేది. ఆ ఆడదే ఆర్నెల్లకి బిడ్డను చంకనేసుకుని, కోడిపెట్టను పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వచ్చేది.

నా పేరు ఖకాసా. వార్డు నర్సుల్లో అనుభవంలో ఆమె తర్వాత నేనే. పని నేర్పిందీ ఆమే, తిట్టిందీ ఆమే, నా రెండో కాన్పు చేసిందీ ఆమే.

ఒక శుక్రవారం పొద్దున నాన్జాలా డ్యూటీ దిగి, ఆ యూనిఫాంతోనే బజారులో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళింది. మొక్కజొన్న పిండి, సబ్బులు బుట్టలో వేసుకుంది. గోళ్ళు కత్తిరించుకునేది ఒకటి కనబడితే తీసి చూసింది, బాగుందనుకుంది, చెయ్యి తనంతట తనే దాన్ని జేబులో వేసేసింది. బుట్టలో ఉన్నవాటికి డబ్బు కట్టి గుమ్మం దాకా వచ్చింది. రసీదు మీద ముద్ర వేసే కాపలావాడు ఆ జేబు తడిమాడు.

ఒక్క గోళ్ళ కత్తెర. నాకిప్పటికీ మింగుడుపడదు. డబ్బు ఇస్తానంది, వినలేదు. ఆ నెలలో సరుకు చాలా పోయిందట, ఎవరో ఒకరికి బుద్ధి చెప్పాలని మేనేజరు కాచుకుని కూర్చున్నాడు. పోలీసులొచ్చారు. మధ్యాహ్నానికి మా నాన్జాలా కోర్టు వరండాలో ఉంది.

అక్కణ్ణించి నాకు ఫోను చేసింది. దొంగతనం చెయ్యలేదంటే సోమవారం దాకా లోపల ఉంచుతారట, ఏం చెయ్యనే అని అడిగింది. ఇక్కడ ఒక్కో మంచం మీద ఇద్దరేసి ఆడవాళ్ళు, చాప మీద ఇంకొకామె, అందరికీ కలిపి నేనొక్కదాన్ని.

"అక్కా, నిజమేనని చెప్పెయ్. జరిమానా కట్టి వచ్చెయ్. నేనిక్కడ చస్తున్నాను" అన్నాను.

నా నోరు పడిపోను. మా దగ్గర అందరూ చేసేదే అది. దొంగసారా కాచే ఆడవాళ్ళు, రోడ్డు మీద బట్టలమ్మేవాళ్ళు, ఎవరైనా సరే మేజిస్ట్రేటు ముందు 'నిజమే' అంటారు, ఇంటికెళ్ళి ఉగాలి ముద్ద వండుకుంటారు. మర్నాటికి అది ఎవరికీ గుర్తుండదు. నాన్జాలా కూడా 'నిజమే' అంది. సాయంత్రం వచ్చి చేతులు కడుక్కుని పనిలో దిగింది. టీ తాగుతూ దాని గురించి నవ్వుకున్నాం కూడా.

రెండేళ్ళకి మా వార్డు పెద్ద నర్సు రిటైరైంది. ఆ కుర్చీ నాన్జాలాదే అని ఎవరికీ అనుమానం లేదు. కొత్తగా ఒక నియమం పెట్టారు, పోలీసుల దగ్గర మంచి నడవడి కాగితం తేవాలని. పది వేళ్ళ ముద్రలూ ఇచ్చి వచ్చింది. కాగితం వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. 'దొంగతనం, నేరం ఒప్పుకుంది' అని ఉంది. ఆమె మూడుసార్లు చదివి, తిరగేసి వెనక్కూడా చూసింది. "ఇది నాది కాదేమోనే" అంది. పేరు ఆమెదే, వేళ్ళూ ఆమెవే.

కుర్చీ సంగతి దేవుడెరుగు, నర్సు లైసెన్సుకే ముప్పొచ్చింది. నర్సుల కౌన్సిలు వాళ్ళు విచారణకి నైరోబి రమ్మన్నారు. ఆమె మంచిదని చెప్పడానికి సాక్షిగా నేనూ వెళ్ళాను.

బల్ల అవతల ఐదుగురు కూర్చున్నారు. నాన్జాలా జేబు సంగతి అంతా చెప్పింది. మధ్యనున్న పెద్దావిడ శ్రద్ధగా విని, మెత్తగానే అడిగింది.

"పొరపాటైతే కోర్టులో నిజమేనని ఎందుకన్నారమ్మా? అలా చెప్పమని మీకెవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఇప్పుడు చెప్పండి, మీకే మేలు."

పక్క కుర్చీలోనే ఉన్నాను. కోర్టులో అబద్ధం చెప్పించానని రాసుకుంటే నా లైసెన్సు కూడా పోతుందన్న ఆలోచన ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. నాన్జాలా నా వైపు చూడలేదు.

"ఎవరూ చెప్పలేదు. నా బుద్ధే అంత" అంది.

తర్వాత నన్నడిగారు. సిస్టర్ చాలా మంచి మనిషి అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా.

లైసెన్సు తీసేశారు.

నెల తిరక్కుండా ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మందుల బీరువా తాళాలు అప్పగించడానికి ఆమే వచ్చింది, మామూలు గౌనులో. ఆ గౌనుకి జేబు లేదు. ఏ తాళం బిగుసుకుంటుందో, దాన్ని ఎటు తిప్పాలో చూపించింది. అప్పుడంది,

"ఆ రోజు నైరోబిలో నువ్వు చెప్పేస్తావేమోనని హడలిపోయాను. చెప్పలేదు, మంచిదైంది. ఇద్దరం పోతే ఇక్కడ బిడ్డల్ని ఎవరు పడతారే?"

చెంప మీద ఒక్కటి కొట్టి ఉంటే బతికిపోయేదాన్ని. తాళాలు తీసుకున్నాను.