రెండు వేళ్ళ లోతు

ఒనెజిమ్ రాంకూర్ ఇరవై ఏడేళ్ళు రైలింజన్‌లో ఫైర్‌మన్‌గా పనిచేశాడు. సరుకుల బండి ఎంత బరువున్నా, ఎదురుగా ఎంత ఎత్తున్నా, బాయిలర్‌లో ఆవిరి తగ్గనిచ్చేవాడు కాదని పేరు. డీజిల్ ఇంజన్లు వచ్చిన ఏడు, అతని యాభై మూడో ఏట, ఒక గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. ఆ చలికాలమంతా లెవీ ఊళ్ళోని అద్దెగదిలో కిటికీ పక్కన కూర్చుని, పొగ లేకుండా వెళ్ళిపోయే బళ్ళను చూస్తూ గడిపాడు.

మార్చి మొదట్లో అక్క దెలిమా దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయనీ, నీకు నిప్పు తెలుసు కాబట్టి వచ్చి సాయం చెయ్యమనీ రెండే ముక్కలు రాసింది.

దెలిమాకు అరవై రెండేళ్ళు. బోస్ కొండల మీద ఆమెకు పన్నెండు వందల మేపుల్ చెట్లున్నాయి. భర్త పోయిన పదకొండేళ్ళుగా పొయ్యి, పెనం రెండూ తనే చూసుకుంటోంది. మానుకు తొలిచిన బెజ్జాల్లోంచి బకెట్లలోకి కారే తియ్యటి చెట్టునీటిని పక్క పొలం ఫిలియాస్ గుర్రబ్బండి మీద పీపాల్లో తెచ్చి పోస్తాడు. కొట్టం మధ్యలో ఇటుకల పొయ్యి, దాని మీద పడవంత పొడుగున్న రేకు పెనం, ఆ చివర పొగగొట్టం. చెట్టునీరు వెనకనుంచి పెనంలోకి దిగి, రేకు అడ్డాలతో విడదీసిన గదులు ఒకటొకటే దాటుతూ, ముందుకొచ్చేసరికి పాకమవుతుంది.

మొదటి రోజు ఒనెజిమ్ తనకు తెలిసినట్టే చేశాడు. పెద్ద పెద్ద దుంగలతో పొయ్యిని గొంతుదాకా నింపి, కింద గాలితలుపు బార్లా తెరిచాడు. పొయ్యి గర్జించింది. పొగగొట్టం మొదలు ఎర్రగా కాలింది. అతని ఛాతీ పొంగింది గాని, పెనంలో నీళ్ళు మాత్రం బద్ధకంగా ఒకటీ అరా బుడగలు వేస్తున్నాయి. పీపాలు దించుతున్న ఫిలియాస్ గొట్టం వంక తలెత్తి చూశాడు.

"ఏం ఒనెజిమ్, పైన కాకులకు చలేస్తోందనా?"

దెలిమా నవ్వలేదు, కోప్పడలేదు. దుంగలు కాలిపోయేదాకా ఆగి, కమ్మీల కింద పేరుకున్న బూడిదను లాగేసింది. రెండేళ్ళు ఎండిన మేపుల్ పేళ్ళు, మణికట్టు లావువి, తెచ్చి ఒకదానిమీదొకటి అడ్డంగా, సందులు వదిలి పేర్చింది. పొయ్యి ముందున్న రెండు తలుపుల్లో ఒక్కటే తెరిచి, నాలుగు పేళ్ళు వేసి, చప్పున మూసింది. ఆ రెండో తలుపు జోలికి అప్పుడే పోలేదు. పొయ్యి సగానికి మించి నింపలేదు. తర్వాత కింది గాలితలుపు మీద చెయ్యి పెట్టి, చెవి పొయ్యివైపు వంచి, కొద్దికొద్దిగా మూస్తూ పోయింది. గర్జన తగ్గింది, తగ్గి తగ్గి చివరకు కందిరీగల తుట్టెలాంటి ఒక నిండు రొదగా నిలిచింది. అక్కడ చెయ్యి తీసేసింది.

"మంట పెనం కింద పడుకోవాలిరా. లేచి గొట్టంలోకి పరిగెత్తితే మనకేం మిగలదు."

ఒనెజిమ్ వంగి సందులోంచి చూశాడు. మంట నిజంగానే పడుకునుంది. పెనం అడుగును ఈ చివరినుంచి ఆ చివరిదాకా నాకుతూ సాగుతోంది. తలెత్తేసరికి పెనం పెనమంతా తెల్లగా లేచి పొర్లుతోంది. పైన దారానికి వేలాడదీసిన పందికొవ్వు ముక్కకు నురగ తగిలిన చోటల్లా మళ్ళీ అణిగిపోతోంది. ఆవిరి గుమ్మటంలా లేచి కప్పు నడుమ తెరిచి ఉంచిన సందులోంచి బయటికి పోతోంది. పెనం పొడుగునా ఒక్కచోట కూడా పొంగు తగ్గలేదు. ఇరవై ఏడేళ్ళు నిప్పుతో బతికినవాడు టోపీ చేత్తో పట్టుకుని, పిల్లాడిలా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

కాసేపటికి తేరుకుని, పెనంలో పాకం ఎంత లోతుంటుందని అడిగాడు. దెలిమా గరిటెకాడ ముంచి చూపించింది. రెండు వేళ్ళు. ఆటపట్టిస్తోందనుకున్నాడు. మళ్ళీ ముంచింది. రెండు వేళ్ళే. లోతు పెరిగితే పాకం నల్లబడుతుందని చెప్పి తన పనిలో పడింది.

ఆ మాట వినగానే ఒనెజిమ్ పెనం దగ్గరనుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. పద్నాలుగేళ్ళ కిందట అతని స్నేహితుడు తెలెస్ఫోర్ నడుపుతున్న ఇంజన్‌లో నీళ్ళు తగ్గి, కిందనున్న మంటకు బాయిలర్ పేలింది. వెనక బండిలో వస్తున్న ఒనెజిమ్ దాన్ని తన కళ్ళతో చూశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ అక్క ఒక ఇంజన్‌కు సరిపడే మంట మీద రెండు వేళ్ళ నీరు పెట్టుకుని పాట పాడుకుంటోంది.

మూడు వారాలు అతను నేర్చుకున్నాడు. గాలి దిశ మారితే రొద ఎలా మారుతుందో, మబ్బు పట్టిన రోజు గొట్టం ఎంత మందకొడిగా లాగుతుందో చెవికి తెలిసొచ్చింది. ఆరేడు నిమిషాలకోసారి పేళ్ళు వెయ్యడం గడియారం చూడకుండానే వచ్చింది.

నెలాఖరున ఒక మధ్యాహ్నం, ఎండ బాగా కాసి చెట్లు ధారలు కడుతున్న వేళ, పెనం చప్పుడు మారింది. పొర్లే చప్పుడు పోయి చిటపటమంది. ఒనెజిమ్ చూసేసరికి ముందు గదిలో పాకం ఒక వేలుకు దిగిపోయి, ముదురురంగు బుడగలు జిగటగా పేలుతున్నాయి. మాడు వాసన. పెనంలో మట్టం తగ్గినప్పుడల్లా కిందికి దిగి చెట్టునీటిని వదిలే తేలుడు బిల్ల కింద బెరడుముక్క ఇరుక్కుంది గాని, ఆ సంగతి అప్పుడతనికి తెలియదు. అతనికి తెలిసింది ఒక్కటే, నీళ్ళు తగ్గాయి. చేతులు వాటంతటవే కొక్కెం అందుకుని, నిప్పులన్నీ బయటికి లాగబోయాయి. కింద చెక్కపేళ్ళ పొట్టు, చుట్టూ చెక్కగోడలు.

"నిప్పు ముట్టుకోకు. రెండు తలుపులూ తెరిచెయ్, బార్లా."

దెలిమా గొంతు పెరగలేదు. అతను తెరిచాడు. చల్లగాలి బుస్సుమంటూ మంట మీదుగా దూసుకుపోయింది, కింది గాలి ఆగింది, రొద ఊపిరి బిగబట్టినట్టు అణిగిపోయింది. నిప్పును చల్లార్చడానికి దాని నోరు తెరవాలని ఒనెజిమ్‌కు ఆ క్షణందాకా తట్టలేదు. ఆలోగా మోకాళ్ళ నొప్పుల దెలిమా గుమ్మం దాటి వెళ్ళి, పెద్ద పారతో మంచు ఎత్తుకొచ్చి పెనంలో కుమ్మరించింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ కుమ్మరించింది. పెనం మూలిగింది, తెల్లటి ఆవిరి గోడలా లేచి ఆమెను మింగేసింది. ఒనెజిమ్‌కు ఆమె కనపడలేదు, పార చప్పుడు మాత్రం వినిపిస్తోంది, ఏ తొందరా లేకుండా.

ఆవిరి విడిపోయాక చూస్తే ఆమె పెనం వెనక నిలబడి, గరిటెకాడతో తేలుడు బిల్లను తడుతోంది. బెరడుముక్క ఊడింది. చెట్టునీరు గలగలా దిగింది. రేకు మీద అరచేయంత మచ్చ తప్ప పెనానికేమీ కాలేదు.

ఒనెజిమ్ కట్టెల కుప్ప మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు తెలెస్ఫోర్ సంగతంతా, ఆ రోజు పట్టాల మీద తను చూసినదంతా. దెలిమా గరిటె పక్కన పెట్టి చివరిదాకా వింది.

"నీకు భయం వెయ్యదా అక్కా?"

"ఎందుకెయ్యదు? ఈ కొట్టంలో కుర్చీ ఉందేమో చూడు. కూర్చుంటే కన్ను మూతపడుతుందనే వెయ్యలేదు." గరిటె మళ్ళీ అందుకుంటూ అంది, "నీ చేతులు భయపడ్డాయిగానీ చెప్పిన మాట విన్నాయి. రేపట్నుంచి నిప్పు నీది."

మర్నాడు ఆమె పొయ్యి వైపు రాలేదు. పెనం దగ్గరే నిలబడి, గరిటె అంచునుంచి పాకం పలచటి తెరలా జారడం కోసం చూస్తూ ఉంది. ఒనెజిమ్ అలవాటు కొద్దీ రెండుసార్లు ఆమె వైపు చూశాడు. ఆమె తల తిప్పలేదు.

లెవీ గది ఖాళీ చేసి అతను అక్కడే ఉండిపోయాడు. దెలిమా ఇంకో తొమ్మిది వసంతాలు పెనం చూసింది. ఆ తర్వాత నిప్పూ పెనమూ రెండూ అతనే చూసుకున్నాడు. డెబ్బై దాటాక ఒక రోజు, ముసలివాడైన ఫిలియాస్ గుమ్మానికి చేరబడి, ఇంజన్ కష్టమా ఇది కష్టమా అని అడిగాడు. ఒనెజిమ్ నాలుగు పేళ్ళు వేసి, తలుపు మూసి, అవి అందుకునేదాకా విన్నాడు.

"ఇంజన్‌లో నీళ్ళు కనబడేవి కావు ఫిలియాస్. గాజుగొట్టంలో గీత చూసుకునేవాళ్ళం, అంతే. ఇక్కడ కింద అంత మంట, మీద ఇంత నీరు, రెండూ కళ్ళెదురుగానే. ఇన్నేళ్ళయినా నాకిది అలవాటు కాలేదంటే నమ్ము."