బతికున్న పిల్లోళ్లకు నేను పెట్టిన శోకాలు

"తలుపు దగ్గరికేసి పో అవ్వా, క్లాసు జరగతా ఉండాది."

"ఏస్తాలే, నీ కంప్యూటర్ను నేనేం మింగను."

ఆ పొద్దు నేనూ నా మనవరాలు సుమా ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఆ పైన నా మానం ఎట్ల గంగలో కలిసిందో చెప్తా, వినండి. రాసేది సుమానే. నాకు సంతకం దాటితే అక్షరం రాదు.

పిల్ల చేరింది బెంగళూరు కాలేజీలో, చదివేది ఈడ గనుల కాడ ఆండర్సన్‌పేటలో మా ఇంట్లోనే, కంప్యూటర్లో. మొదట్లో వసపిట్ట మాదిరి వాగేది. రానురాను మాట తగ్గె, ముద్ద తగ్గె. చదువు మానేస్తానని గొణిగేది. ఏమైందే అంటే, ఏం లేదనేది. ఆ పెట్టెలో ఏముండాదో చూడాలని నాకు ఒకటే ఆత్రం.

తలుపు వేసినాను. లోపలుండి వేసినాను.

వెనకనించి తొంగి చూస్తే అన్నీ నల్ల గడులు. గడికొక పేరు, ముఖం ఒక్కటీ లేదు. ముందర మా పిల్ల చప్పుడు లేకుండా కండ్లు తుడుచుకుంటా ఉండాది. మా పేటలో ఎవురైనా పోతే వీధి మలుపులో నల్ల బోర్డు కడతారు, ఫోటో దొరక్కపోతే ఉత్త పేరే. గని మనిషి పెండ్లాన్ని, అట్లాంటివి ఎన్ని చూసినానో. ఇంగ నాకు ఒకరు చెప్పాల్నా? ఇంతమంది పోయినారు, పిల్ల ఒక్కతే దిగమింగుకుంటా ఉండాదనుకుంటి.

మా ఆయన పోయినప్పుడు కూడా అట్ల ఏడవలేదప్పా. కూలబడి, రొమ్ము కొట్టుకుని, పెండ్లి కూడు తినకనే పోతిరే బిడ్డలారా అని రాగం తీసినాను. అంతకుముందే ఏదో జవాబు చెప్పి సుమా మైకు మూయలేదంట. మేడమ్ పాఠం నిలిచిపోయింది.

ఒక గడి వెలిగింది. జుట్టు రేగిన పిల్ల తొంగి చూసి, "నేను బతికే ఉండాను అవ్వా" అంది. దాని పక్క గడిలో దుప్పటి కప్పుకున్న పిల్లోడు. ఈస్టరు దినం మాదిరి ఒకరెనక ఒకరు లేచిరి.

నాకు కోపం వచ్చింది. "బతికుంటే ముఖాలెందుకు మూసినార్రా? మా పిల్ల ఈడ ఒంటిగా ఏడస్తా ఉండాది."

దుప్పటి పిల్లోడు అన్నాడు, "మేమూ ఏడస్తా ఉంటామవ్వా. కనపడకూడదనే మూసేది."

సుమా వాణ్ని చూసింది, ముక్కు చీదింది, చానా దినాలకి పకపకా నవ్వింది. ఇప్పుడు క్లాసు అయినాక కూడా అందురూ కూర్చుని కబుర్లే. చదువు మానే మాటే లేదు. గడులు మళ్లీ నల్లబడితే మేడమ్ ఒకటే అంటుందంట, "సుమా, మీ అవ్వను పిలువమ్మా." టపటపా ముఖాలన్నీ వెలుగుతాయంట.

మా ఇంటి పొయ్యి సాక్షిగా చెప్తా ఉండా, ఇంగమీదట ఎవురినైనా ముందు గిల్లి చూస్తాను, ఉలకకపోతేనే ఏడుస్తాను.

ఏమే సుమా, నవ్వింది చాలు. మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు.