రిలీవర్ వచ్చేదాకా

పంక్చర్ షాపు ముందు ఎండకు కాగుతున్న పాత టైర్ల వాసన తగిలిందంటే ఆ రోజుకి నా అరికాళ్లు మంటెత్తినట్టే. అరవై దాటాను, ఇంకా పోలేదీ జబ్బు.

మా చిన్నప్పుడు విశాఖ మల్కాపురంలో పొద్దు షిఫ్టు సైరనుతోనే పొడిచేది. పొద్దున్న ఆరింటికొకటి, మధ్యాహ్నం రెండింటికొకటి. వేసవి వస్తే చమురు వాసనా, ఎండుచేపల వాసనా, అమ్మ ఉల్లిపాయ నలిపి కలిపే చద్దన్నం వాసనా మా ఇంట్లోనే కాపురం పెట్టేవి. నాన్న పోర్టులో క్రేన్ డ్రైవర్. ఓడలో వంటవాడెవడో ఇచ్చాడని ఒకసారి రంగుల పత్రిక తెచ్చాడు. అందులో ప్రపంచ చాంపియన్‌షిప్ కార్ల పందెంలో ఒక రౌండు గురించి ఉంది. ఆరు గంటల పరుగట, కారుకి ఇద్దరు డ్రైవర్లట. మసిగొట్టుకుపోయిన కారులోంచి ఒకడు దిగుతుంటే ఇంకొకడు ఎక్కుతున్న బొమ్మ. నాన్న కూడబలుక్కుని చదివి, తన లెక్కలో తేల్చేశాడు.

"ఇదీ డ్యూటీయేనే. రిలీవర్ వస్తేనే దిగాల."

ఊరికే అన్నమాట కాదది. తర్వాతి షిఫ్టుకి దిగాల్సిన రిలీవర్ రాక డబుల్ డ్యూటీ చేసొచ్చి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద ఒరిగిపోయిన నాన్నని మేం ఎన్నిసార్లు చూడలేదు!

ఆ ఆదివారమే మా వీధిలో పాత టైర్లు దొర్లించే పందెం. ఎవరింట్లోనూ గడియారం లేదు గనక ఆరు గంటలు కాస్తా సైరన్ నుంచి సైరన్ దాకా ఎనిమిదయ్యాయి. గెలిచినవాళ్లకి ఆ పత్రిక ఇచ్చేస్తామని గొప్పకు పోయి ఒప్పుకున్నది నేనే. మా జట్టు నేనూ, మా అక్క పైడితల్లీ. యాభై చుట్లకొకసారి వంతు మారాలి. నా రెండో వంతు కాగానే టైరు అక్కకిచ్చి, చద్దన్నం తినొస్తానని ఇంటికెళ్లాను. తిన్నాను. గచ్చు చల్లగా ఉంటే కాస్త నడుం వాల్చాను.

రెండింటి సైరనే నన్ను లేపింది. పరిగెత్తుకెళ్లేసరికి మిగతా జట్లు ఎప్పుడో టైర్లు పడేసి నీడకు చేరాయి. అక్క ఒక్కతే, తారు కరుగుతున్న రోడ్డు మీద ఉత్త కాళ్లతో టైరు తోసుకుంటూ వస్తోంది. పందెం అయిపోయింది, మనమే గెలిచామన్నా ఆగదు. టైరు నా చేతికి అందించాకే కూలబడింది. అరికాళ్లనిండా బొబ్బలు. ఎందుకు ఆపెయ్యలేదని నేనే ఏడ్చాను.

"నువ్వు రానేదు కదే. నానెలాగ దిగిపోతాను?" అంది. కోప్పడినా బాగుండేది.

ఆ తర్వాతా అంతే. నాన్న పోయాక అక్క చేపల షెడ్డులో పగలంతా నిలబడి నన్ను చదివించింది. ఉద్యోగం వచ్చాక, ఇంక నువ్వు మానెయ్యక్కా అందామనుకుంటూనే నేను ఏళ్లు గడిపేశాను. ఇప్పుడా సైరన్ వినపడదు, వీధిలో టైరు దొర్లించే పిల్లలు లేరు, పోయినేడు అక్కా పోయింది. పత్రిక మాత్రం నా బీరువాలో భద్రంగానే ఉంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచిన ప్రతిసారీ ఆలస్యమైపోయిందనిపించి, చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాకా వచ్చేస్తాను.