మామ ఇవ్వని ఫోటోలు

పోయిన నెలలో ఒక ఉదయం, వనపర్తిలో హైదరాబాద్ బస్సు కోసం నిలబడి ఉండగా నాగర్‌కర్నూల్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా. చాయ్ తాగుత అన్నడు. చేసుకొచ్చేలోపల్నే పోయిండు" అంది. ఆమె ఏడవలేదు. "నువ్వు వస్తవా, రావా?" అని అడిగింది. సొంత మేనకోడలిని అలా ఎందుకు అడగవలసి వచ్చిందో చెప్పకుండా మామను తలుచుకోవడం నా వల్ల కాదు. మీరు ఓపిగ్గా వింటే మొత్తం చెబుతాను.

మామ నాగర్‌కర్నూల్‌లో ఫోటో స్టూడియో నడిపాడు. మెత్తని మనిషి కాదు. పెళ్లికొడుకు తల నిటారుగా పెట్టకపోతే చుట్టాలందరి ముందూ గడ్డం పట్టుకుని తిప్పేవాడు. నాకు పదేళ్లప్పుడు బడి కోసం ఫోటో తీస్తూ, "ముక్కు మీ నాయనదే వచ్చింది. కెమెరా ఏం చేస్తది పాపం" అన్నాడు. నేను ఏడిస్తే ఊరుకోబెట్టలేదు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఏడుపంతా అయిపోయి నా ముఖం మామూలుగా అయ్యేదాకా చూశాడు. అప్పుడు నొక్కాడు. ఈ రోజుకీ నా ఫోటోల్లో నాకు నచ్చేది అదొక్కటే. నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు. "చెప్తే పండ్లు నవ్వుతయి, మనిషి నవ్వడు" అనేవాడు.

ఆయన దగ్గర పెళ్లిళ్లకు ఒక పెద్ద కెమెరా, చావు ఇళ్లకు ఒక చిన్న నల్ల కెమెరా ఉండేవి. ఆ చిన్నదాంట్లో తిప్పి సరిచేసేదేమీ లేదు. ఎదురుగా పెట్టి మీట నొక్కితే ఫ్లాష్ దానంతట అదే వెలుగుతుంది, రీలు దానంతట అదే ముందుకు జరుగుతుంది. అప్పట్లో ఊళ్లలో చాలామందికి బతికుండగా ఒక్క ఫోటో కూడా ఉండేది కాదు. పోయాక స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, మామకు కబురు పంపేవారు. బిజినేపల్లి, గద్వాల, అయిజ దాకా వెళ్లేవాడు. పెద్ద కెమెరా ఎందుకు తీసుకుపోవని ఒకసారి అడిగాను.

"దుఃఖంల ఉన్నోళ్ల ముందట అద్దాలు తిప్పుకుంట నిలబడొద్దు బిడ్డా. రెండుసార్లు నొక్కాలె, చెప్పులేసుకొని రావాలె" అన్నాడు.

రెండింటిలో బాగా వచ్చినదాన్ని ఇంటివాళ్లకు ఇచ్చేవాడు. కదిలిపోయినవి, వెలుగు ఎక్కువై తెల్లబారినవి, తల తెగినవి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అలాగని పారేయనూ లేదు. "మనిషి మొఖాన్ని తీస్కపోయి చెత్తల ఎట్ల ఏస్త?" అని ఒక రేకు పెట్టెలో దాచేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో జిరాక్స్ దుకాణమైంది. పెట్టె మాత్రం అలాగే మూలన ఉండిపోయింది.

రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో మా ఆఫీసు వాళ్లకు రీలు కెమెరాల పిచ్చి పట్టింది. ఖరీదైనవి కావు, మామ చిన్న కెమెరా లాంటివే, నొక్కితే చాలనేవి. మెడలో వేసుకుని తిరిగేవారు. ఫోటో ఎలా వచ్చిందో వారం దాకా తెలియకపోవడమే అందులో మజా అనేవారు. ముఖం మసకబారినా, మూలన ఎర్రటి మరక పడినా మురిసిపోయేవారు. ఆ గుంపులో నాకు ఎన్నడూ చోటుండేది కాదు. నా మాట యాసకు నవ్వేవారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, "మా మామ దగ్గర అలాంటి కెమెరా ఉంది, ఇంకా పనిచేస్తుంది" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. అలా తిరగడం అదే మొదటిసారి.

ఆదివారం వాళ్లలో ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని నాగర్‌కర్నూల్ వెళ్లాను. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కెమెరాను మెత్తని గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టి ఎదురుచూస్తున్నాడు. ఎన్నేళ్ల తర్వాతనో ఆయనను ఒకరు పని గురించి అడుగుతున్నారు. రీలు ఎక్కించడం నాలుగుసార్లు చూపించాడు. మసక ఫోటోలంటే ఇష్టమని వాళ్లు చెబితే నమ్మలేకపోయాడు.

"కావాల్నని ఖరాబ్ చేసుకుంటరా?"

"చెడిపోతేనే నిజంగా ఉంటుంది అంకుల్" అంది ఆ అమ్మాయి.

"మేమైతే చెడిపోకుండ ఉండెతందుకే సచ్చినం" అని మామ నవ్వాడు. వాళ్లూ నవ్వారు. ఆయన నవ్వినందుకు కాదు, ఆ మాట తీరుకు. నాకు తెలుసు. నేనూ నవ్వాను.

తర్వాత వాళ్ల కళ్లు రేకు పెట్టె మీద పడ్డాయి. మూత తీయగానే ఇద్దరూ కేక వేశారు. "ఇవి మాకివ్వండి అంకుల్, ప్రదర్శన పెడతాం, మీ పేరు వేస్తాం."

మామ మూత మూసేశాడు. "ఇయ్య. ఇవి తప్పిన ఫోటోలు. ఆ ఇంటోళ్లకే ఇయ్యలేదు నేను. ఉండుండ్రి, మంచియి చూపిస్త" అంటూ ఆల్బమ్ తేవడానికి లోపలికి పోయాడు.

వాళ్లు నా వైపు చూశారు. నేనే మూత తీశాను. రెండు చేతులా అందినన్ని తీసి నా సంచిలో కుక్కాను. మామ ఆల్బమ్ తెచ్చి ఒక్కో ఫోటో చూపిస్తూ, వెలుగు ఎటు నుంచి పడిందో చెబుతుంటే, సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

వాటిని ఒక కాఫీ దుకాణంలో దారానికి క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. అందులో ఒకటి కుర్చీలో కూర్చున్న యువకుడిది. మెడలో దండ, తలపాగా, ఒక పక్కకు ఒరిగిన తల, సగం తెరిచిన కళ్లు. కుర్చీ కదిలి ముఖం మసకగా వచ్చింది. ఎవరో దాన్ని ఫోన్‌లో తీసి, కింద "సోమవారం పొద్దున ఆఫీసులో నేను" అని రాసి వదిలారు. నవ్వని వాళ్లు లేరు. నాకూ పదిమంది పంపారు. ఆ మనిషి పెళ్లికొడుకు కాదని, నిద్రపోవడం లేదని చూడగానే నాకు తెలిసింది. అయినా నవ్వే బొమ్మ ఒకటి తిరిగి పంపాను.

అది తిరిగి తిరిగి బిజినేపల్లి పక్కన ఒక ఊరికి చేరింది. ఆ మనిషి భార్య నాగర్‌కర్నూల్ వచ్చి స్టూడియో ముందు నిలబడింది. ఆ సంగతి తర్వాత అత్త చెప్పింది.

"పిడుగు పడి పోయిండు నా మొగుడు. నేను మీద పడి ఏడుస్తుంటె కుర్చీ కదిలింది. నువ్వే గద అన్నా, ఇది మంచిగ రాలేదు, ఇంకోటి తీస్త అన్నవు. ఇప్పుడు మా ఊరి పోరగాళ్లు నా ముందటనే నవ్వుతుండ్రు."

మామ ఫోన్ అందుకుని చూశాడట. నా పేరు ఎత్తలేదు. "తప్పు నాదే తల్లీ, నేనే ఇచ్చిన" అన్నాడట.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. "ఆమెకు నీ పేరు చెప్పలే. నువ్వు ఇంక ఇక్కడికి రావొద్దు" అని పెట్టేశాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. పెట్టెలో మిగిలినవాటిని ఒక్కొక్కటే చూసి పొయ్యిలో వేశాడు. "వారం దినాలు ఆ మంట మీదనే నీళ్లు కాగినయి. ఆ నీళ్లతోటే తానం చేసినం" అని అత్త చెప్పింది. స్టూడియో మళ్లీ తెరవలేదు.

పదకొండో దినం వెళ్లాను. ఆ ఫోటోలోని మనిషి భార్య కూడా వచ్చింది. అన్నం తిని, చేయి కడుక్కుని, "నువ్వు ఆయనకు ఏమైతవమ్మా?" అని అడిగింది. మేనకోడలినని చెప్పాను. ఫోటోలు ఇచ్చింది మామ కాదని, నేను దొంగిలించానని కూడా చెప్పాను.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా ముఖంలోకి చూసింది.

"ఆయన ఎండల రోడ్డు మీద నా కాళ్లు పట్టుకున్నడు. అంత పెద్దమనిషి. లెవ్వమని నేను అనలే. అట్లనే ఉంచిన" అంది. కొంగుతో మూతి తుడుచుకుని, "ఇంకా తిరుగుతుందా అది, ఫోన్లల్ల?" అని అడిగింది.

"తిరుగుతుంది."

"తీసెయ్యనీకి రాదా?"

"రాదు."

బస్టాండు దాకా ఆమె వెనకే నడిచాను. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది, నేను కిందనే నిలబడ్డాను. పక్క సీటులో ఒక కాలేజీ పిల్ల తలవంచుకుని ఫోన్ చూసుకుంటోంది. బొటనవేలితో తెరను పైకి తోస్తోంది, నవ్వుకుంటోంది, మళ్లీ తోస్తోంది. ఆమె కిటికీ నుంచి ముఖం తిప్పి, మెడ కాస్త వంచి, ఆ పిల్ల వేలి కింద వచ్చిపోయే ఒక్కో బొమ్మనూ రెప్ప వేయకుండా చూడసాగింది. బస్సు మలుపు తిరిగేదాకా అలా చూస్తూనే ఉంది.